కౌంటర్ మీద మాట, కౌంటర్ కింద లెక్క

బియ్యం కొనేవారు నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి అవి పాతవో కొత్తవో తేల్చుకోగలరు, చీర కొనేవారు కొంగును వేళ్ల మధ్య నలిపి నేత తెలుసుకోగలరు, వంకాయకైతే తొడిమ చూస్తే చాలు; కానీ టెలివిజన్, సెల్‌ఫోన్, వీడియో గేమ్ యంత్రం వంటి ఎలక్ట్రానిక్ వస్తువు దగ్గరకు వచ్చేసరికి కంటికీ చెవికీ చేతికీ ఉన్న ఆ పాత నేర్పు దాదాపు పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే దాని మంచిచెడ్డలన్నీ సీలు వేసిన మూత లోపల, వేలి గోరంత చిప్పుల్లో దాగి ఉంటాయి. అందువల్ల ఈ వ్యాపారంలో సరుకుతో పాటు ఇంకొకటి కూడా చేతులు మారుతుంది, అది అమ్మే మనిషి అభిప్రాయం. "దీన్ని తీసుకోండి సార్, దీనికి తిరుగులేదు" అని కౌంటర్ మీద వినిపించే మాట ఎక్కడ పుడుతుందో, దాని వెల ఎవరు చెల్లిస్తారో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం. వీడియో గేముల వ్యాపారంలో ఆ లెక్క మిగతా అన్నిచోట్ల కన్నా తేటగా కనిపిస్తుంది గనుక ఎక్కువ సమయం దానికే వెచ్చించడం జరుగుతుంది.

అమ్మేవారికి తెలిసినంత కొనేవారికి తెలియని స్థితిని అర్థశాస్త్రంలో సమాచార అసమానత అంటారు. అమెరికన్ అర్థశాస్త్రవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని రాసిన వ్యాసంలో, బండి లోపాలు అమ్మేవాడికి మాత్రమే తెలిసినప్పుడు కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి ధర తగ్గిస్తాడనీ, ఆ తగ్గిన ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడానికి ముందుకు రాడు గనుక బజారులో చివరికి నాసిరకమే మిగులుతుందనీ వివరించాడు. ఈ రంగంలో చేసిన కృషికి 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అయితే ఎలక్ట్రానిక్స్ షోరూముకు ఈ సిద్ధాంతాన్ని అన్వయించేటప్పుడు చిన్న సవరణ ఒకటి అవసరమవుతుంది. పాత కారు యజమానికి తన బండి గుట్టు తెలుసు. షోరూములో నిలబడిన ఇరవై రెండేళ్ల కుర్రవాడికి మాత్రం పెట్టె లోపలి సంగతి చాలాసార్లు కొనేవారికి తెలిసినంతే తెలుసు, అతనికి అదనంగా తెలిసినదల్లా ఏ పెట్టె అమ్మితే ఎంత మిగులుతుందన్నది.

తెలుగు పట్టణాల్లో ఈ వ్యాపారం ఇలా మొదలు కాలేదు. రేడియో వినడానికి పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి లైసెన్సు తీసుకోవలసిన రోజుల్లో రేడియో షాపు అంటే అమ్మకమూ రిపేరూ ఒకే బల్ల దగ్గర జరిగే చోటు, అమ్మిన మనిషే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చునే చోటు. నిన్న తాను మెచ్చుకుని అంటగట్టిన సెట్టు రేపు మూగబోతే తన బల్ల మీదికే వస్తుందని అతనికి తెలుసు గనుక ఆ మెప్పుకు ఒక జామీను ఉండేది. తరువాతి కాలంలో అమ్మకం షోరూముకూ మరమ్మతు కంపెనీ సర్వీస్ సెంటరుకూ విడిపోయాయి, దానితో మాట ఒకరిదీ దాని ఫలితం మరొకరిదీ అయ్యాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనూ, సెల్‌ఫోన్లకు పేరుపడ్డ ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనూ, కంప్యూటర్ విడిభాగాలకు నెలవైన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ ఆ పాత పద్ధతి కొంత మిగిలి ఉంది, అక్కడ అమ్మే బల్లకూ విప్పే బల్లకూ మధ్య దూరం ఇప్పటికీ బారెడే.

కొనేవారికి లోపలిది కనిపించదు గనుక ఈ వ్యాపారం పైకి కనిపించే అంకెల మీద బతుకుతుంది. 1990ల టేప్‌రికార్డర్ల మీద వెండిరంగు స్టిక్కరుపై మెరిసిన పీఎమ్‌పీఓ అనే నాలుగు అక్షరాలు ఇందుకు మంచి సాక్ష్యం. స్పీకరు ఎంత శక్తిని ఆగకుండా, శబ్దం చెడకుండా ఇవ్వగలదో చెప్పే కొలతను ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు అంటారు. పీఎమ్‌పీఓ అంటే సెకనులో అతి చిన్న భాగం పాటు, శబ్దం ఎంత చెడినా లెక్కచేయకుండా, యంత్రం నుంచి పిండగలిగే గరిష్ఠ శక్తి అని కంపెనీ చెప్పుకునే అంకె, దాన్ని ఎలా కొలవాలో నిర్దేశించే ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. ఆ స్వేచ్ఛ వల్ల అసలు పది వాట్లు కూడా పలకని పెట్టె మీద వేల వాట్లు దర్జాగా అచ్చయ్యాయి, గోడ ప్లగ్గు నుంచి అది లాగే కరెంటు కన్నా ఎక్కువ శక్తిని అది గదిలోకి ఎలా విడుస్తుందని అడిగిన కొనుగోలుదారు అరుదు. నేడు అదే పనిని ఫోను కెమెరా మెగాపిక్సెళ్లు, నిల్వ స్థలంలో కొంత చెక్కి జ్ఞాపకశక్తిగా చూపించే వర్చువల్ ర్యామ్, టెలివిజన్ పెట్టె మీది మోషన్ రేటు చేస్తున్నాయి. స్టిక్కరు మారింది, జిగురు అదే.

వీడియో గేమ్ యంత్రం ఎలక్ట్రానిక్స్ దుకాణపు అరలోకి నేరుగా నడిచి రాలేదు, ఒకసారి అక్కడి నుంచి మెడపట్టి గెంటేశాక మారువేషంలో తిరిగి వచ్చింది. 1982 నాటికి అమెరికాలో అటారీ కంపెనీ యంత్రానికి ఎవరు పడితే వారు ఆటలు తయారు చేసి అమ్మసాగారు. ఏది మంచి ఆటో తేల్చుకునే దారి దుకాణదారుకు లేదు, కొనేవారికి అంతకన్నా లేదు, పెట్టె మీది బొమ్మ ఒక్కటే ఆధారం. అదే ఏడాది క్రిస్మస్ కోసం ఈ.టీ. అనే సినిమా పేరుతో అటారీ తెచ్చిన ఆటను హొవార్డ్ స్కాట్ వార్షా అనే ఒక్క ప్రోగ్రామరు సుమారు అయిదు వారాల్లో ముగించవలసి వచ్చింది. అమ్ముడుపోక తిరిగివచ్చిన సరుకుతో పాటు దాన్ని 1983లో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో పట్టణపు చెత్తకుప్పలో పూడ్చారు, 2014 ఏప్రిల్‌లో తవ్వితే కార్ట్రిడ్జులు నిజంగానే బయటపడ్డాయి. ముప్పై అయిదు డాలర్ల ఆటలు అయిదు డాలర్లకు బుట్టల్లో పోసి అమ్మారు. మిగిలిన సరుకు వెనక్కి తీసుకోమంటే తీసుకోవడానికి కొన్ని కంపెనీలు అప్పటికే మిగిలి లేవు. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లుగా చెప్పే అమెరికా గృహ వీడియో గేముల వ్యాపారం 1985కి సుమారు 10 కోట్లకు పడిపోయింది. అకెర్లాఫ్ కార్ల బజారులో ఊహించిన పతనం ఆటల బజారులో అక్షరాలా జరిగిందని చెప్పవచ్చు.

సరిగ్గా ఆ గడ్డుకాలంలో, 1983 జులై 15న, జపాన్‌లో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. రెండేళ్ల తరువాత దాన్ని అమెరికాకు తీసుకువెళ్లినప్పుడు వీడియో గేమ్ అన్న మాట వింటేనే అక్కడి దుకాణదారులు చేతులు అడ్డం పెట్టారు గనుక, కంపెనీ ఆ మాటనే వదిలేసి యంత్రానికి ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అనీ, కార్ట్రిడ్జికి గేమ్ పాక్ అనీ పేర్లు పెట్టి, బొమ్మల కొట్టువారిని మెప్పించడానికి రాబ్ అనే చిన్న మరమనిషిని జతచేసి, 1985 అక్టోబరులో న్యూయార్క్ పరిసరాల్లో మాత్రమే అమ్మకం మొదలుపెట్టింది. అమ్ముడుపోనిది వెనక్కి తీసుకుంటామని దుకాణదారులకు మాట ఇచ్చి, తమ మనుషులనే పంపి కొట్టు కిటికీలు అలంకరింపజేసింది. ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటుంది. జపాన్ యంత్రంలో కార్ట్రిడ్జిని పైనుంచి నిలువుగా గుచ్చితే సరిపోయేది. అమెరికా యంత్రం ఆటవస్తువులా కాక వీసీఆర్‌లా కనిపించాలన్న పట్టుదల వల్ల, కార్ట్రిడ్జిని ముందునుంచి తోసి కిందికి నొక్కే ఏర్పాటు చేశారు. ఆ నొక్కుడుకు లోపలి డెబ్బై రెండు స్ప్రింగు పిన్నులు క్రమంగా వదులయ్యాయి, వదులైన పిన్ను వల్ల అనుమతి లేని ఆటలను ఆపడానికి పెట్టిన తాళపు చిప్పు తికమకపడి యంత్రాన్ని సెకనుకోసారి మళ్లీ మొదలుపెట్టేది, ఎర్ర దీపం కొట్టుకుంటూ ఉండేది, పిల్లలు కార్ట్రిడ్జిని బయటికి తీసి నోటితో ఊదేవారు. ఊదడం వల్ల ఒరిగిందేమీ లేదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్తచోట ఆనేవి, అంతే. నోటి తేమ వల్ల రాగిపట్టీలు పాడవుతాయని కంపెనీయే హెచ్చరించింది. ఒక దేశపు దుకాణదారుల భయం యంత్రం ఆకారంలోకీ, ఆకారం లోపంలోకీ, లోపం పిల్లల అలవాటులోకీ దిగిన తీరు పారిశ్రామిక చరిత్రలో ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు ఎక్కువ లేవు.

తెలుగు ఇళ్లకు చేరినది మాత్రం ఆ అమెరికా యంత్రం కాదు, జపాన్ ఫామికామ్‌కు పుట్టిన నకళ్లు. 1990లలో సమురాయ్, మీడియా వంటి పేర్లతో, తరువాత ఏ పేరూ లేకుండా, పట్టణాల ఎలక్ట్రానిక్స్ కొట్లలోనూ జాతర్ల బొమ్మల దుకాణాల్లోనూ అమ్ముడైన ఈ యంత్రాలను జనం టీవీ వీడియో గేమ్ అని పిలిచారు. వీటితో వచ్చే పసుపుపచ్చ కార్ట్రిడ్జి మీద 9999 ఇన్ 1 అని అచ్చయి ఉండేది, తెరమీద జాబితా పేజీలు పేజీలుగా తిరిగేది, కానీ లోపల ఉన్న అసలు ఆటలు చాలాసార్లు రెండు చేతుల వేళ్లకు మించేవి కావు. ఒకే మారియో మొదటి వరుసలో మొదటి మెట్టు నుంచీ, నలభైయో వరుసలో మూడో మెట్టు నుంచీ, వందో వరుసలో వేరే పేరుతోనూ మొదలయ్యేవాడు. పీఎమ్‌పీఓ వాట్లకూ ఈ 9999కూ చుట్టరికం వేరే చెప్పనక్కర లేదు. అయినా కొట్టులో టీవీకి తగిలించి కాంట్రా ఒక్కటి ఆడించి చూపిస్తే పిల్లవాడు కదలడు, తండ్రి జేబు తడుముకోక తప్పదు.

ఆ యంత్రంతో వచ్చిన ప్లాస్టిక్ తుపాకీ ఇంకొంచెం దగ్గరగా చూడదగినది. తుపాకీ తెరవైపు ఏదో కిరణాన్ని పంపుతుందని ఆడేవారు అనుకునేవారు. నిజానికి అది పంపేదేమీ లేదు, దాని గొట్టంలో ఉన్నది వెలుతురును గుర్తించే చిన్న కన్ను. బాతుల ఆటలో ట్రిగ్గరు నొక్కగానే తెర మొత్తం ఒక్క ఫ్రేము సేపు, అంటే సెకనులో యాభయ్యో అరవయ్యో వంతు కాలం, నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం ఒక్క ఫ్రేము మెరుస్తుంది. తుపాకీ కంటికి ముందు చీకటి, తరువాత వెలుతురు కనిపిస్తే గురి తగిలినట్టు యంత్రం లెక్కవేస్తుంది. ముందు చీకటిని కూడా అడగడం వల్ల, గదిలోని బల్బు వైపు తుపాకీ పెట్టి బాతులన్నీ కొట్టేద్దామనుకున్న తెలివి పారదు. గాజు పిక్చర్ ట్యూబు ఉన్న టీవీ వచ్చిన సంకేతాన్ని వచ్చినట్టే తెరమీద గీస్తుంది గనుక ఈ లెక్క కుదిరింది; ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ వచ్చిన బొమ్మను కాసేపు ఆపి, సాపు చేసి, మెరుగులు దిద్ది చూపిస్తుంది గనుక అదే తుపాకీ ఈనాటి తెర ముందు గుడ్డిదవుతుంది. అటక మీది పాత సెట్టును దించి పిల్లలకు చూపబోయిన ఇళ్లలో తుపాకీ పాడైందని పారేసినవారు ఎందరో, పాడైనది తుపాకీ కాకపోయినా.

బొమ్మను ఆపి మెరుగులు దిద్దే ఆ కాలానికే ఇన్‌పుట్ లాగ్ అని పేరు, అంటే బటను నొక్కిన క్షణానికీ తెరమీద దాని ఫలితం కనబడే క్షణానికీ నడుమ జాప్యం. సినిమా చూసేవారికి అది తెలియనే తెలియదు, క్రికెట్ ఆటలో బ్యాటు ఊపేవారికి ప్రాణసంకటం. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అనే మీట వేస్తే మెరుగులు ఆగిపోయి జాప్యం చాలా తగ్గుతుంది. ఇల్లు చేరాక షోరూము మోడ్ తీసివేయమని చెప్పడం అంతకన్నా అవసరం, ఎందుకంటే దుకాణం గోడమీది టీవీలన్నీ ట్యూబులైట్ల వెలుగును ఎదుర్కోవడానికి కళ్లు చెదిరే నీలి తెలుపులో, అతి ప్రకాశంతో పెట్టి ఉంటాయి, ఆ గోడ ముందు నిలబడి ఒక బొమ్మను మరో బొమ్మతో పోల్చడం సంతలో పాట పోటీ పెట్టినట్టే ఉంటుంది. ఈ రెండు ముక్కలూ చెప్పే అమ్మకందారు నిజమైన విలువ గల అభిప్రాయం ఇచ్చినట్టు లెక్క. అవి చెప్పినందుకు అతనికి ఇన్సెంటివ్ రాదు. ఆరడుగుల బంగారుపూత హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ అంటగడితే వస్తుంది.

ఎందుకు అలా ఉందో గేమ్ యంత్రపు ధర విప్పి చూస్తే అర్థమవుతుంది. కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే యంత్రం, చాలాసార్లు తయారీదారుకే లాభసాటి సరుకు కాదు. 2006లో అమెరికాలో పెద్ద నమూనాను 599 డాలర్లకు అమ్మిన ప్లేస్టేషన్ 3 తయారీకి అంతకన్నా ఎక్కువే ఖర్చయ్యేది, ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకం మీద మైక్రోసాఫ్ట్‌కు లాభం రాదని 2021 మేలో ఎపిక్, యాపిల్ కంపెనీల మధ్య జరిగిన దావాలో ఆ సంస్థ ప్రతినిధి ప్రమాణం చేసి మరీ చెప్పింది. యంత్రం నష్టానికి ఇచ్చి, దానిమీద ఆడే ప్రతి ఆట అమ్మకంలోనూ వాటా తీసుకోవడం ఈ వ్యాపార రహస్యం. తయారీదారుకు ఆ వాటా ఉంది, మరి దుకాణానికి? భారత్‌లో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయల ధరతో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ, ధర కంపెనీ నిర్ణయించినదే గనుక, విడిగా యంత్రం లేదనీ రెండు ఆటలూ మరో కంట్రోలరూ కలిపి తీసుకుంటేనే ఉందనీ చాలాచోట్ల చెప్పారు. కొనేవారికి అది బలవంతంగానే తోస్తుంది, తోచడంలో తప్పు లేదు. కానీ యాభై వేల పెట్టె మీద మిగిలేది షోరూము ఏసీ బిల్లుకు కూడా చాలనప్పుడు ఆ పెట్టె చుట్టూ ఏదో ఒకటి కట్టి అమ్మడం అరల అద్దె కట్టే మనిషికి అత్యాశగా కనిపించదు.

అలా చుట్టూ కట్టే వాటిలో ముఖ్యమైనది ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ ఇచ్చే ఏడాది హామీ ముగిశాక మరి రెండేళ్లకు విడిగా డబ్బు తీసుకుని ఇచ్చే హామీ. ఎలక్ట్రానిక్ వస్తువులు ఎప్పుడు పాడవుతాయో గీత గీసి చూస్తే అది రెండంచులూ లేచి నడుమ పల్లంగా ఉండే స్నానపు తొట్టి ఆకారంలో ఉంటుందని ఇంజనీర్లు చెబుతారు. తయారీ లోపం ఉన్నవి మొదటి నెలల్లోనే చెడిపోతాయి, అవి కంపెనీ హామీలోనే పడతాయి, మిగిలినవి చాలా ఏళ్లు నిలిచి అరిగిపోయాక చెడిపోతాయి, కొనిపించే రెండేళ్ల హామీ సరిగ్గా ఆ నడిమి పల్లంలో పడుతుంది. కరెంటు హెచ్చుతగ్గులూ పిడుగులూ ఎక్కువగా ఉన్న ఊళ్లలో పల్లం అంత లోతుగా ఉండకపోవచ్చు గనుక ప్రతివారికీ ఇది వృథా అని తీర్పు చెప్పడం కూడా సరికాదు, కాకపోతే పిడుగు నష్టానికి ఆ కాగితం వర్తిస్తుందో లేదో చిన్న అక్షరాల్లో చూసుకోవడం మంచిది.

అభిప్రాయానికి ఎలా వెల కట్టాలన్న ప్రశ్న మీద అమెరికాలోని రెండు పెద్ద దుకాణ సంస్థలు భిన్నమైన దారులు తొక్కాయి. అమ్మకందారుకు అమ్మిన దానిమీద కమీషన్ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ కాగా, బెస్ట్ బై 1989లో ఆ కమీషన్ తీసేసి జీతాల పద్ధతి పెట్టింది. ఖరీదైన నమూనాలను నెట్టి అమ్మే మనుషులు పోతారని కంపెనీలు గొణిగాయి గాని కొనేవారు ఊపిరి పీల్చుకున్నారు. 1949లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టిన సర్క్యూట్ సిటీ మాత్రం అనుభవజ్ఞులైన కమీషన్ అమ్మకందారుల మీదే ఆధారపడి పెరిగింది, 2001లో జిమ్ కాలిన్స్ రాసిన ప్రసిద్ధ మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఆదర్శ సంస్థల జాబితాకెక్కింది. ఆ తరువాతి కథ విచారకరం. 2003లో కమీషన్ తీసేస్తూ దాదాపు 3,900 మందిని తొలగించింది. 2007 మార్చిలో, పని రాదని కాక జీతం ఎక్కువన్న ఒక్క కారణం చూపి మరో 3,400 మందిని పంపేసి, వారి స్థానంలో తక్కువ జీతానికి కొత్తవారిని పెట్టుకుంది. 2008 నవంబరులో దివాలా అర్జీ, 2009 మార్చికి చివరి దుకాణం మూత. పడిపోవడానికి ఆర్థిక మాంద్యమూ ఇతర తప్పులూ కారణాలే, కానీ ప్లాస్మాకూ ఎల్‌సీడీకీ తేడా చెప్పగలిగినవారిని తానే గెంటేసుకున్న కొట్టుకు, గిడ్డంగి ధరకు అమ్మే కొట్టుతో పోటీపడడానికి మిగిలిన ఆయుధమేమిటో దాని యాజమాన్యమే చెప్పాలి.

తెలుగు రాష్ట్రాల షోరూముల్లో లెక్క మరో మెలిక తిరిగింది. యూనిఫారం వేసుకుని ఎదురొచ్చి పలకరించే వారిలో చాలామంది ఆ దుకాణం ఉద్యోగులు కారు, ఒక్కో కంపెనీ పెట్టుకున్న ప్రమోటర్లు. అంటే దుకాణంలో నిలబడి తమ బ్రాండు సరుకును మాత్రమే అమ్మిపెట్టడానికి, నెల టార్గెట్టు మీద పనిచేసే మనుషులు. ఏ ఫోను బాగుంటుందని అడిగితే ఒకే గదిలో నాలుగు మూలల నుంచి నాలుగు జవాబులు రావడానికి కారణం ఇదే. దసరా, దీపావళి రోజుల్లో ఉదయం షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా వారు నిలబడే ఉంటారు. కోజికోడ్ మిఠాయి వీధి బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు చేసిన పోరాటం ఫలితంగా కేరళ 2018లో, ఆ తరువాత 2021లో తమిళనాడు, దుకాణ ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టంలోకి తెచ్చాయి. బల్ల ఒకటి వేయడానికి శాసనసభ కలగజేసుకోవలసి రావడం ఈ వృత్తి గురించి చాలా చెబుతుంది. కాళ్లు లాగుతున్న మనిషి సాయంత్రం ఏడింటికి చెప్పే అభిప్రాయాన్ని తూచేటప్పుడు ఆ కాళ్లను కూడా తూకంలో వేయాలి.

ఇక షోరూములో ఒక మూలన ఉండే ఫైనాన్స్ టేబుల్ దగ్గర వినిపించే సున్నా వడ్డీ ఈఎమ్‌ఐ గురించి. వాయిదాల మీద వడ్డీ లేదంటే ఆ వడ్డీ మరోచోట దాక్కుందని అర్థం. ఈ కారణం చూపి 2013 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ సున్నా శాతం పథకాలను బ్యాంకులకు నిషేధించింది, అయినా వడ్డీని తగ్గింపు రూపంలో కంపెనీయో దుకాణమో భరించే ఏర్పాటుతో మాట మాత్రం బజారులో నిలిచింది. ముప్పై వేల ఫోను నగదుకైతే పదిహేను వందలు తగ్గుతుందనీ, ఆరు నెలల వాయిదాకైతే తగ్గింపు లేకపోగా మూడు వందలు ప్రాసెసింగ్ రుసుము ముందే కట్టాలనీ అనుకుంటే, కొనేవారు నిజంగా అప్పు తెచ్చుకున్నది 28,200 రూపాయలు, తిరిగి కట్టేది నెలకు అయిదు వేల చొప్పున ముప్పై వేలు. లెక్క తీస్తే అది నెలకు 1.8 శాతం, ఏడాదికి ఇరవై ఒక్క శాతం దాటిన వడ్డీ. నెల జీతగాళ్లకు ఒకేసారి ముప్పై వేలు తీయడం కష్టం గనుక ఆ ధర తెలిసి కట్టేవారిని తప్పుపట్టనక్కర లేదు, సున్నా అన్న మాటనే తప్పుపట్టాలి.

దుకాణం మాట నమ్మలేక చాలామంది ఫోనులో సమీక్షల వీడియోలు చూసి కొంటున్నారు. అక్కడా కింద ఇచ్చిన లింకు ద్వారా కొంటే చెప్పినవారికి వాటా ముడుతుంది. కంపెనీ డబ్బు ఇచ్చి చేయించిన వీడియోను ప్రకటనగా పేర్కొనాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం తెచ్చింది. షోరూము కుర్రవాడికీ వీడియో సమీక్షకుడికీ తేడా ఒకటుంది: వస్తువు పాడైతే బిల్లు పట్టుకుని వెళ్లి మొదటివాడి ముందు నిలబడవచ్చు.

ఆటల విషయంలో ఆ కౌంటరే కరిగిపోతోంది. ప్లేస్టేషన్ 2 ప్రపంచమంతటా పదిహేను కోట్లకు పైగా అమ్ముడైన కాలంలో, తెలుగు నగరాల్లో దానికి చిప్పు వేయించడం, అంటే నకలు డిస్కులు ఆడేలా లోపల మార్పు చేయించడం, ఒక చిన్న కుటీర పరిశ్రమగా నడిచింది. దాని పక్కనే అసలు డిస్కులను కొని, ఆడి, సగం ధరకు మార్చుకునే పాత ఆటల వ్యాపారమూ నిలదొక్కుకుంది. కొత్త ఆటల మీద కన్నా పాతవాటి మీదే మిగులు ఎక్కువని అమెరికాలో గేమ్‌స్టాప్ సంస్థ దశాబ్దాల పాటు నిరూపించింది. 2013లో మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్‌లో డిస్కు చేతులు మారకుండా కట్టడి పెట్టబోతే, డిస్కును స్నేహితుడికి ఎలా ఇవ్వాలో చూపిస్తూ ఒకరు చెయ్యి చాపి మరొకరికి అందించే కొన్ని సెకన్ల వీడియో విడుదల చేసి ప్లేస్టేషన్ తయారీదారు సోనీ వెక్కిరించింది. మైక్రోసాఫ్ట్ వారం పది రోజుల్లో వెనక్కి తగ్గింది. ఏడేళ్ల తరువాత అదే సోనీ డిస్కు పెట్టే చోటే లేని నమూనా తెచ్చినప్పుడు ఎవరూ వీడియో తీయలేదు. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2కు కొన్ని ఆటలు కార్డు రూపంలోనే అమ్ముతున్నారు, కానీ ఆట ఆ కార్డులో ఉండదు, దాన్ని పెట్టాక ఇంటర్‌నెట్ నుంచి దిగుతుంది. అంతర్జాలంలో కొన్న ఆట సొంతం కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా కొనండి అనే మాట వాడరాదని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

పాత ఆటల కొట్టుకు డిస్కు తీసుకువెళ్తే కొట్టువాడు దాన్ని రెండు వేళ్ల మధ్య అంచులు పట్టుకుని, ట్యూబులైటు వైపు ఏటవాలుగా తిప్పి, గీతలు లోపలి వృత్తం దాకా వెళ్లాయో లేదో చూసి, చొక్కా కొనతో ఒకసారి తుడిచి ధర చెప్పేవాడు. కొనేవాడు కూడా అలాగే తిప్పి చూసి బేరమాడేవాడు. వంకాయ తొడిమలా కంటితో తేల్చుకోదగిన ఎలక్ట్రానిక్ సరుకు అదొక్కటే. ఇప్పుడు అదే బల్ల మీద పెట్టె తెరిస్తే లోపల మడిచిన కాగితం మీద గీకి చదువుకునే పన్నెండు అక్షరాల కోడ్ ఉంటుంది, ఒకసారి వాడిన తరువాత దాన్ని ఏ వెలుతురులో ఎటు తిప్పి చూసినా ఏమీ కనబడదు.